గట్టు మీది ఊద

“మా కోడలు ఇప్పుడు ఎంత నెమ్మదైందో చూశారా! వచ్చిన కొత్తలో ఎలా ఉండేదనుకున్నారు?” అని మా అత్తగారు రామలక్ష్మిగారు పక్కింటావిడతో అంటున్నప్పుడు నేను కాఫీ గ్లాసులు కడుగుతున్నాను. తొమ్మిదేళ్లలో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. సంతోషం వస్తుందా, ఏడుపు వస్తుందా అని కాసేపు చూశాను. ఏదీ రాలేదు. గ్లాసులు బోర్లించి, పొయ్యి మీద పప్పు పడేశాను.

వచ్చిన కొత్తలో నేను గట్టిగా నవ్వేదాన్ని. “ఆ నవ్వేంటమ్మా, వీధిలోకి వినపడుతోంది” అన్నారు అత్తయ్య. నవ్వు పోయింది. స్కూటీ మీద రాజమండ్రి వెళ్లొచ్చేదాన్ని. “నేను తీసుకెళ్తాగా, నీకెందుకు శ్రమ” అన్నారు మా ఆయన యుగంధర్. స్కూటీ పోయింది, ఆయన తీసుకెళ్లిందీ లేదు. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, వరిచేలల్లో కలుపుగా మొలిచే ఊద గడ్డి మీద, దాని వేళ్లలో కాపురముండే బూజుల మీద పనిచేసినదాన్ని. పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు ఆ బూజుల్ని గాజు పళ్లేల్లో పెంచుకున్నాను. “బూజు పట్టింది పారేసే కోడళ్లని చూశాను గానీ, దాచుకునేదాన్ని నిన్నే చూశాను తల్లీ” అంటూ అత్తయ్య వాటిని పెరట్లో పారబోశారు. మైక్రోస్కోపు అటక మీద, ఆవకాయ జాడీల వెనక ఉంది. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. మంచి కుటుంబం అని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

సోమవారం మా మాష్టారు జగన్నాథరావుగారు ఫోన్ చేశారు. వరి పరిశోధన కేంద్రంలో రెండేళ్ల ప్రాజెక్టు, ఊద మీదే. “నీకంటే బాగా ఎవరికి తెలుసమ్మా హేమశ్రీ! శుక్రవారంలోగా ఒప్పుకుంటున్నానని ఒక్క మెయిల్ పెట్టు, చాలు” అన్నారు. ఆ రాత్రే భోజనాల దగ్గర ఆ సంగతి కదిపాను. మా ఆయన పొలమారేంతగా నవ్వారు. “ఊద గడ్డికి ఉద్యోగమేంటే! మన చేలో కావలసినంత ఉంది, వెళ్లి పీక్కో.” అత్తయ్య కూడా నవ్వారు. నేను మజ్జిగ వడ్డించాను.

శుక్రవారం మా చేలో కలుపు తీత. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లేసరికి అత్తయ్య గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుని ఉన్నారు. “ఒసే మరిడమ్మా, ఆ దుబ్బు ఊదలా ఉంది, పీకెయ్” అని కేకేశారు. ముప్పై ఏళ్లుగా మా చేలో వంగి కలుపు తీస్తున్న మరిడమ్మ ఆకు విప్పి చూపించింది.

“వరేనండి అమ్మగారూ. ఇదిగో, ఆకు మొదట్లో చిన్న పొర ఉందండి. ఊదకైతే నున్నగా ఉంటాది.”

అంటూనే దాని పక్క మొక్కని పీకేసింది. అది వరి అనుకున్నాను నేను, అంత చదివినదాన్ని! సిగ్గేసింది. నా కాళ్ల దగ్గర, గట్టు మీద ఇంకో ఊద ఉంది. కాడలు ఎర్రగా, నాలుగు వైపులా కాళ్లు చాపుకుని పడుకుంది.

“మరి ఇది ఇలా ఉందేం మరిడమ్మా?”

“గట్టు మీద ఎవరు పీకుతారమ్మా? దానిష్టం దానిది. చేలోది మా కళ్లకి భయపడి వరిలాగా నిలబడ్డం నేర్చుకుందండి.”

నేర్చుకోలేదు. ఆ సంగతి నాకు తెలుసు. వందల ఏళ్లుగా మరిడమ్మలాంటివాళ్లు తేడాగా కనపడిందల్లా పీకేస్తూ వచ్చారు. వరిలా కనపడ్డవి మిగిలాయి, వాటి గింజలే మళ్లీ మొలిచాయి. పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన విషయమే. గట్టు మీద నిలబడి నవ్వు, స్కూటీ, గాజు పళ్లేలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. నేనూ నెమ్మదితనం నేర్చుకోలేదు. పీకినవన్నీ పోగా మిగిలాను.

“ఎంత తీసినా నాలుగు మిగిలిపోతాయండి” మరిడమ్మ విసుక్కుంటోంది. “వరికంటే ముందే కంకేసేత్తాది. అప్పుడు ప్రతివోళ్లకీ కనపడుద్ది. ఏం లాభం? పీకేలోపే గింజ రాలిపోద్ది.”

ఫ్లాస్కు కింద పెట్టి, అత్తయ్యకి రెండు బారల దూరంలోనే, ఫోన్లో మూడు లైన్లు రాసి పంపించాను. ఎవరికి మెసేజీ అని కూడా ఆవిడ అడగలేదు.

మధ్యాహ్నం ఇంట్లో అత్తయ్యకీ మా ఆయనకీ వడ్డించి, నాకూ కంచం పెట్టుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాను. ఎన్నాళ్లకో ఆకలేసింది.

“వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరుతున్నానండీ. ఒప్పుకుంటున్నానని పొద్దున మాష్టారికి రాసేశాను.”

అత్తయ్య కంచం పక్కకి నెట్టేశారు. మా ఆయన మొహం ఎర్రబడింది. “మాతో ఒక్క మాటైనా అనకుండానా?”

“మొన్న సోమవారం అన్నానుగా. పీకేశారు,” అన్నాను పప్పు కలుపుకుంటూ. “అందుకే ఈసారి గింజ రాలాక చెబుతున్నాను.”