అమ్మ చూసిన జ్వరం

మా అమ్మ ఎమెతె ఏటా జులై ఇరవయ్యో తేదీన తెల్లవారకముందే లేచి లోక్మాలు వేస్తుంది. పులిసిన పిండిని ఉండలుగా నూనెలో వేయించి, పాకంలో ముంచి, పెద్ద పళ్లెంలో పోసి, మా వీధి చివరి టర్కీ సైనికుల శిబిరానికి తనే మోసుకెళ్తుంది. డెబ్బై నాలుగులో ఆ రోజే వాళ్లు సైప్రస్‌లో దిగారు. మాగుసా పట్నం పక్కన, టర్కిష్ మాట్లాడే మా ఊరికి చేరడానికి మాత్రం వారాలు పట్టింది. ఈలోపు తుపాకులు పట్టిన గ్రీకువాళ్లు అమ్మ తమ్ముళ్లిద్దరినీ బస్సెక్కించి తీసుకుపోయారు. అమ్మ గోధుమల కొట్టులో దాక్కుని, టర్కీ టాంకులు వచ్చాకే బయటికొచ్చింది.

మేనమామల ఎముకలు ఇప్పటికీ దొరకలేదు. అదంతా కట్టుకథ అనేవాళ్లు దీవిని రెండుగా చీల్చిన గీత అవతల, గ్రీకువాళ్ల వైపు, ఇంకా ఉన్నారు. టీవీలో ఆ మాట వినబడితే చాలు, అమ్మ ఆ పూట ముద్ద ముట్టదు.

అలాంటి తల్లి కడుపున మా తమ్ముడు తుంజెర్ పుట్టాడు. టైల్స్ వేస్తాడు. రోజూ పొద్దున్నే ఆ గీత మీది గేటు దాటి అవతలి లార్నకా పోయి, లూకాస్ అనే గ్రీకు మేస్త్రీతో కలిసి పని చేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు. ఇక్కడి మగవాళ్లందరూ ఏడాదికో రోజు యూనిఫాం వేసుకుని సైన్యం దగ్గర హాజరు కావాలి. ఈసారి వీడు పోలేదు. కోర్టు నుంచి పిలుపొచ్చింది.

"ఒక్క రోజేగా! పోతే నీ సొమ్మేం పోయింది?" అని అమ్మ నిప్పులు చెరిగింది.

"నేను పనికి పోయే రోడ్డుకేసి తుపాకీ పెట్టి కూర్చోమంటారమ్మా. అటునుంచి మా లూకాస్ వస్తే కాల్చమంటావా?"

"ఆ సైన్యమే లేకపోతే నువ్వు పుట్టేవాడివే కాదురా."

"సాయానికొచ్చిన చుట్టాలు సాయం చేసి వెళ్లాలి. వీళ్లు మంచం దిగడం లేదు."

ఇద్దరూ మొండిఘటాలే. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపించేది. నా చిరాకంతా అదే.

అమ్మ ఊరుకోలేదు. శిబిరంలో మేజరు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అతను మంచివాడే. అమ్మ కనబడితే చేతికి ముద్దు పెట్టి నుదుటికి ఆనించుకుంటాడు.

"పెద్దమ్మా, ఆ రోజు జ్వరంగా ఉందని చెప్పమను. మిగతాది నేను మాట్లాడతా" అన్నాడు.

తుంజెర్ విని నవ్వేశాడు. జైలుకైనా పోతాను గానీ ఆ మాట అననన్నాడు. అయినా అమ్మకి ఆశ చావలేదు.

కోర్టులో వెనక బల్లల మీద తుంజెర్ స్నేహితులు కూర్చున్నారు. ఎందుకు రాలేదని జడ్జి అడిగాడు. వాడు నోరు తెరిచేలోపే అమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఆ రోజు వీడికి ఒళ్లు కాలిపోయింది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ నుదుటిమీద వేసి పక్కనే కూర్చున్నాను. ఈ కళ్లతో చూశాను."

జడ్జికీ ఆ దారే నచ్చినట్టుంది. "అంతేనా?" అన్నాడు తుంజెర్ వంక చూసి.

వాడు అమ్మను చూడలేదు. "నాకు జ్వరం లేదు. లార్నకాలో టైల్స్ వేస్తున్నాను. కావాలనే రాలేదు. మా అమ్మ చెప్పేది అబద్ధం."

వెనక చప్పట్లు మోగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. తమ్ముడి మీద కోపం ముంచుకొచ్చింది. వాడు అన్నది నిజమేనని తెలిసినా ఆ కోపం తగ్గలేదు. అమ్మ బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. పది రోజులు జైలన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో అమ్మ ఒకే మాట అంది. "అవతలివాళ్లంటే అబద్ధమన్నారు, సెవ్‌జాన్. వీడు కూడానా?"

రోడ్డు చూస్తూ కారు నడిపాను.

ఆ పది రోజుల్లోనే జులై ఇరవై వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే లేచి లోక్మాలు వేసింది. పళ్లెం నింపి వంటింటి బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కదల్లేదు. శిబిరంలో బ్యాండు మొదలైంది. ఎండెక్కాక మేజరే స్వయంగా మా గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దమ్మా, ఈసారి మమ్మల్ని మర్చిపోయావా?"

"మర్చిపోవడం నాకు చేతకాదు నాయనా. ఇవి చచ్చిపోయిన మా తమ్ముళ్ల పేరున వేసేవి. ఇన్నేళ్లూ మీరు తిన్నారు, సంతోషం. నీకూ ఊళ్లో అమ్మ ఉంటుంది కదా. ఇక పోయిరా."

అతను టోపీ చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. అమ్మ లోక్మాలన్నీ డబ్బాలోకి తీసి నా చేతికిచ్చింది. తను రానంది.

జైల్లో తుంజెర్ గడ్డం మాసి, పీక్కుపోయి ఉన్నాడు. డబ్బా మూత తీయగానే ఏ రోజో తెలిసిపోయింది వాడికి.

"ఇవి వాళ్లకి పెట్టేవి కదక్కా?"

"ఈసారి పెట్టలేదు. నీకే పంపింది."

వాడు ఒకటి తీసి పట్టుకున్నాడు. పాకం మణికట్టు మీదికి కారుతోంది. "ఏమన్నా చెప్పిందా?"

"జ్వరం తగ్గిందేమో కనుక్కుని రమ్మంది."

వాడు లోక్మాను నోటిదాకా తీసుకెళ్లి, తినలేక మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. గోడవైపు తిరిగాడు. టైము అయిందని గార్డు తలుపు తట్టాడు.

నేను లేచాక అన్నాడు. "తగ్గలేదని చెప్పక్కా."