గడ్డం కింద మూడు త్రికోణాలు

సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళని చూసి కుళ్ళుకునే బంధువులు ఒక్కసారి వచ్చి మాల్యాద్రిగారి మౌస్ పట్టుకుని చూడాలి. మైపాడు ఉప్పుగాలికి ఆ ఇంట్లో తుప్పు పట్టనిది ప్లాస్టిక్ బకెట్ ఒక్కటే. గేటు గొళ్ళేనికి పట్టింది, ఫ్యాన్ రెక్కలకి పట్టింది, కళ్ళజోడు మరలకి పట్టింది. ఆఖరికి కంప్యూటర్ మౌస్ ఎడమ బటన్ కూడా బిగుసుకుపోయింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు, రెండుసార్లు నొక్కితే అసలు నొక్కనట్టు. మాల్యాద్రిగారు దానికి రోజూ పొద్దున్నే ఒక చుక్క కొబ్బరినూనె వేస్తున్నారు. కొత్త మౌస్ ఒకటి బీరువాలో ఉంది. అది మంచిది కాబట్టి వాడరు.

మామూలు మనిషికైతే ఇది పెద్ద కష్టం కాదు. కానీ ఆయన చేస్తున్న పనికి ఒక్కో త్రికోణానికి మూడు నొక్కులు కావాలి, ఒక మనిషి ముఖానికి పన్నెండు వందల త్రికోణాలు కావాలి.

ఆ పని నేర్పింది కూతురు సుప్రియ. చెన్నైలో ఏదో డిజైన్ కంపెనీలో ఉద్యోగం ఆ అమ్మాయికి. జూన్‌లో తండ్రి సూపరింటెండెంటుగా రిటైరై, వంటింట్లో పోపుల డబ్బా మీద లేబుళ్ళు అతికించడం మొదలుపెట్టాడని తెలిసి, తల్లిని కాపాడుకోవడానికి తన పాత లాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. ఫొటోని అడుగున పెట్టి తాళం వేసెయ్యాలి. దానిమీద చుక్క, చుక్క, చుక్క, ఒక త్రికోణం. దాని కింద ఫొటోలో ఏ రంగుందో అది పీల్చి ఇందులో నింపాలి. దాని అంచుకి ఇంకోటి. అట్లా ముఖమంతా.

"కళ్ళకాడ చిన్నవి గియ్యి నాన్నా, బుగ్గల మీద పెద్దవి," అంది ఫోన్లో. "ఊరికే లెక్క కోసం గియ్యబాక. వెలుగు యాడ మారతాదో చూసి, ఆడ గీత పెట్టు."

ఆదివారానికి పెళ్ళై ముప్పై ఐదేళ్ళు. భోజనాలకి పాతికమంది బంధువులు వస్తున్నారు. వాళ్ళ ముందు భార్య మహాలక్ష్మికి ఆమె బొమ్మ ఫ్రేము కట్టించి ఇవ్వాలని ఆయన ఆలోచన. ముప్పై ఐదేళ్ళలో ఆయన ఆమెకి తనంతట తాను ఇచ్చిన బహుమతి ప్రెషర్ కుక్కర్ ఒక్కటే. అది కూడా ఆఫీసులో లాటరీలో తగిలింది.

నెల్లూరులో ఫ్రేముల షాపుకి వెళ్ళి ముందే చెప్పి వచ్చారు. పెద్ద సైజు, ఆడమనిషి, ఒక్కరే. షాపతను ముందు రేటు తగ్గించాడు, తర్వాత గొంతు తగ్గించాడు.

"దండకి కొక్కెం పెట్టమంటారా సార్? ఎన్నో రోజు?"

"రోజులేంది? ముప్పై ఐదో ఏడు."

షాపతను పెన్ను కింద పెట్టేశాడు. "ఇంకా మర్చిపోలేదా సార్! మీలాంటోళ్ళు ఈ కాలంలో యాడుండారు!"

ఆమె బతికే ఉందని చెబితే తగ్గించిన రేటు మళ్ళీ పెంచుతాడేమోనని మాల్యాద్రిగారు తల వంచుకుని వచ్చేశారు.

ఫొటో పోయినేడాది సుప్రియ తీసింది. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు ఊరంతా మైపాడు బీచికి వచ్చి దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డారు. అందరూ ఫోన్లు ఆకాశానికి ఎత్తితే సుప్రియ మాత్రం తల్లి వైపు తిప్పింది. తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, చెంగు గాలికి వదిలేసి చూస్తోంది మహాలక్ష్మి. ఆ రాకెట్‌ని మాల్యాద్రిగారు చూడలేదు. అప్పుడాయన ఇసుకలో చెప్పు వెతుక్కుంటున్నారు.

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే, మహాలక్ష్మి చాప మీద నడుం వాల్చగానే, ఆయన ముందుగదిలో లాప్‌టాప్ తెరిచేవారు. ఏమిటని అడిగితే పెన్షన్ పేపర్లు అనేవారు. కిటికీ పరదా ఉబ్బేది, దిగేది. సముద్రం హోరు వచ్చేది, కాసేపటికి అది వినిపించడం మానేసేది. ముందు నుదురు. సర్వేపల్లి దారిలో ఎండకి మెరిసే ఉప్పు మడుల్లా, వెడల్పుగా, తేటగా నాలుగు పెద్ద త్రికోణాలు. అక్కణ్ణించి కనుబొమల్లోకి దిగితే నీడలు. ముక్కు పక్కన ఒక ఇటుక రంగు. చెంప మీద, ఆమె కట్టుకున్న ఆకుపచ్చ చీర నీడ కాబోలు, లేత పచ్చ. మనిషి చెంపలో పచ్చదనం ఉంటుందని ఆయనకి అరవయ్యేళ్ళకి తెలిసింది. కంటిపాపల్లో ఒక్కో తెల్లచుక్క. అది ఎండో, రాకెట్టో. చిన్న త్రికోణాలు రెండు గీసి, తెలుపు నింపి, ఆయన చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నారు. తాను చూడని రాకెట్ పోయినేడాది నుంచీ ఇక్కడ, ఇంత దగ్గరలో, పైకి వెళ్తూనే ఉందనిపించింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. ఆయనకి ఒకటే వినిపించింది.

గురువారం నాటికి ముఖం అయిపోయింది. గడ్డం కింద మిగిలింది.

అక్కడ వెలుగు మారకూడని చోట మారింది.

పెద్దది చేసి చూశారు. గడ్డం ఎముక కింద, తల ఎత్తితే తప్ప కనపడని చోట, అంగుళమున్నర పొడుగున తెల్లటి గీత. ఫొటో మీద గీత అనుకుని స్క్రీన్ తుడిచారు. కళ్ళజోడు తుడిచారు. పోలేదు. ఫైల్లో ఒక్క పొట్టి సంతకం లేకపోయినా వాసన పట్టే సూపరింటెండెంటు ఆయన. ముప్పై ఐదేళ్ళుగా తన దగ్గరే ఉన్న ఫైల్లో ఈ గీత ఎప్పుడు పడిందో ఆయనకి తెలియదు.

భార్యని అడగలేరు. అడిగితే ఇన్నాళ్ళూ చూడలేదని ఒప్పుకున్నట్టే. అందుకని పెరట్లోకి వెళ్ళి, కరివేపాకు చెట్టు చాటున నిలబడి, మరదలు పెంచలమ్మకి ఫోన్ చేశారు. భోజనాలకి ఎంతమంది వస్తున్నారని అడిగి, ఎండల గురించి మాట్లాడి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు.

"మీ అక్కకి గడ్డం కింద గీతుండాది గదా, అదేంది పెంచలా?"

పెంచలమ్మ గొంతు మారింది.

"ఎగతాళి చేస్తుండావా బావా?"

"లేదమ్మే, తెలీకనే."

"నీ స్కూటర్ మీంచి పడిందే గదా! మూడు కుట్లు. డాక్టరు దగ్గరికి నేనే పిల్చుకోని పోయినా. నువ్వు ఆఫీసులో ఆడిటని అప్పుడే ఎల్లబారిపోయినావు."

ఇక్కడ స్కూటర్ కథ చెప్పాలి. ప్రతి మగవాడి దగ్గరా విందుల్లో చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది. మాల్యాద్రిగారిది ఇదే. పెళ్ళైన ఏడాది, భార్యని పుట్టింట్లో దించడానికి నెల్లూరు నుంచి మైపాడుకి స్కూటర్ మీద వస్తున్నారు. దారంతా ఆఫీసు రాజకీయాలు చెబుతున్నారు. ఇందుకూరుపేట దాటాక గతుకులో ఆమె పడిపోయింది. ఆయన చూసుకోలేదు. ఇంకో మైలు దాకా చెబుతూనే వచ్చారు, "ఊఁ కొట్టవేమే?" అని వెనక్కి తిరిగితే సీటు ఖాళీ. ఇక్కడ జనం పగలబడి నవ్వుతారు. వెనక్కి వెళ్తే ఆమె గట్టు మీద చెంగు గడ్డానికి అదుముకుని కూర్చుని ఉంది. "ఇసకలో పడింది, ఒంటిమీద ఒక్క గీత పడలా!" అని ముగిస్తారు. గృహప్రవేశాల్లో, బారసాలల్లో, ఒకసారి పెద్దకర్మ భోజనాల్లో కూడా చెప్పారు. ఆ చివరి మాట వచ్చినప్పుడల్లా మహాలక్ష్మి చెంగు గడ్డానికి అడ్డం పెట్టుకుంటుంది. నవ్వు దాచుకుంటోందని ఆయన అనుకున్నారు, ముప్పై ఐదేళ్ళు.

ఆయన లోపలికి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఒకే ఒక్క పెద్ద త్రికోణం గీసి చర్మం రంగు నింపితే గీత మాయమైపోతుంది. నింపారు. చక్కగా ఉంది. ఎవరి గడ్డమో లాగా ఉంది. తీసేశారు. మళ్ళీ నింపారు. మళ్ళీ తీసేశారు. మూడు త్రికోణాలంత ఖాళీ, తెల్లగా, అక్కడ అట్లాగే ఉంది.

"పెన్షన్ వచ్చేసిందా?"

మహాలక్ష్మి మజ్జిగ గ్లాసుతో వెనక నిలబడి ఉంది. లాప్‌టాప్ మూద్దామని ఆయన చెయ్యి వేశారు గానీ మడత బందు కూడా తుప్పు పట్టి ఉంది, ఒక్క తోపుకి కదల్లేదు.

ఆమె వంగి చూసింది. "ఏందండీ ఇది, రొయ్యల గుంటల్ని పైనుంచి చూసినట్టుండాది?"

"ఊరికే..."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. దూరం నుంచి చూసేసరికి గుంటలన్నీ కలిసి ముఖమైనట్టున్నాయి. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నేనా!"

పరదా ఉబ్బింది, దిగింది.

"రాకెట్టు నాడు గదా. కంట్లో మెరుపు కూడా పెట్టినారే." కాసేపు అట్లాగే చూసింది. తర్వాత వేలు పెట్టి చూపించింది. "ఈడ గడ్డం కాడ ఖాళీ పెట్టినారేం?"

"ఇంకా... అవలా."

ఆమె చెయ్యి దానంతట అదే గడ్డం కిందికి వెళ్ళింది. ఆయన ఆ చేతినే చూస్తున్నారు. ఆయన చూస్తున్నారని ఆమె చూసింది.

"తొందరేముండాది, నిదానంగా చెయ్యండి," అంది మహాలక్ష్మి. బీరువా తీసి, కొత్త మౌస్ తెచ్చి మజ్జిగ పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇది జరిగింది గురువారం. శుక్రవారం ఆయన మూడు సన్నటి త్రికోణాలు గీసి, ఫొటోలో ఉన్న తెలుపే నింపారు. కొత్త మౌస్ ఒక్క నొక్కుకి ఒక్కసారే నొక్కింది. బొమ్మ ఇప్పుడు మహాలక్ష్మి. అందులో సందేహం లేదు.

సందేహమంతా ఆదివారం గురించే. పాతికమంది వస్తారు. పాయసం దగ్గర ఎవరో ఒకరు "బావా, ఆ స్కూటర్ కథ చెప్పు" అంటారు, అనకుండా ఉండరు. బొమ్మ ఆయన వెనకే గోడకి ఉంటుంది, గడ్డం కింద గీతతో సహా. చెప్పనంటే, ఏమైందని అందరూ ఆమెనే అడుగుతారు. చెబితే, ఆ చివరి మాట ఎట్లా చెప్పాలి? లేక ఆదివారం కంటే ముందే, ఈ ఇంట్లో, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పాల్సింది వేరే ఏదైనా ఉందా? ఉంటే అది ఏ మాటతో మొదలుపెట్టాలి? ఇవాళ శనివారం, ఆయన పొద్దున్నుంచీ కాగితం మీద రాసుకుంటున్నారు. "పై విషయమునకు సంబంధించి" అని మొదలవుతోంది, కొట్టేస్తున్నారు.

అయ్యలారా, అమ్మలారా, మీలో పెళ్ళైనవాళ్ళు చాలామంది ఉంటారు. ఇటువంటి మాట ఆలస్యంగానైనా చెప్పినవాళ్ళు ఒక్కరైనా ఉండకపోరు. ఏమని మొదలుపెట్టారో దయచేసి చెప్పండి. నన్ను అడిగితే నాకూ తెలియదు. ఆయన నాలుగో కాగితం తీశారు. వంటింట్లో ఆమె ఒక్కతే ఉంది.