మైకమ్మ మౌనం

సంఘంలో అందరూ ఆమెను మైకమ్మ అనేవారు, అదీ ఆమెకు వినబడేటట్టే. ఆమె ప్రార్థనకు నిలబడితే మైకు అక్కర్లేదని కొందరు, ఆమె గొంతు వినలేక మైకే ఆగిపోతుందని కొందరు. ఆ ప్రార్థన తండ్రికి మహిమతో మొదలై, పాలకుల మీదుగా, రోగుల మీదుగా నడిచి, పక్కింటావిడ మోకాళ్ళ నొప్పుల దగ్గర కాసేపు కూర్చుని, ఆమేన్ చేరేది. ఈలోగా బల్ల మీద భోజనం చల్లారిపోయేది. కొడుకూ కోడలూ చెరో కన్ను తెరిచి ఒకరినొకరు చూసుకునేవారు. పెళ్ళైన కొత్తలో కోడలికి ఆ ప్రార్థనలు వినోదం. తర్వాత విసుగు. ఇప్పుడు ఆ గొంతే గతి.

ఎందుకంటే కోడలికి మాట పెగలడం లేదు. పాప నెలలు నిండకుండా, వెనక ఎవరో తరుముతున్నట్టు పుట్టేసింది. కన్నతల్లికి కనిపించింది ముడతలు పడ్డ ఒక్క అరికాలు మాత్రమే. అంతలోనే అద్దాల పెట్టెలోకి తీసుకుపోయారు. ఆనాటి నుంచి ఆమె కళ్ళు మూసుకుంటే ప్రార్థన "ప్రభువా" దగ్గరే ఆగిపోయేది. ఆదివారపు బడిలో ఊళ్ళోవాళ్ళ పిల్లలకు ప్రార్థన నేర్పే మనిషి! సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వంట అప్పజెప్పినట్టు ఆ పనిని కూడా అత్తగారికి అప్పజెప్పేసింది.

"మీరు చెయ్యండత్తయ్యా. మీ మాటైతే పైదాకా వెళ్తుంది."

"పైకి వెళ్ళేముందు అవతలి వీధికి వెళ్తుంది," అన్నాడు కొడుకు. అతను పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. అంతెత్తున వేలాడేవాడికి చంటిపిల్లల గది గుమ్మం దగ్గర కాళ్ళు వణికేవి. అందుకని జోకులు వేసేవాడు. ఎవరూ నవ్వకపోతే వెళ్ళి టీ తెచ్చేవాడు.

పాపకున్న జబ్బల్లా మరుపు. ఊపిరి తీసుకోవడం మరిచిపోయేది. ఉన్నట్టుండి ఛాతీ కదలడం ఆగేది. పక్కనున్న యంత్రం కీచుమనేది. నర్సు వచ్చి అరికాలి మీద వేలితో రాస్తే, అవును కదా అన్నట్టు మళ్ళీ పీల్చేది. పెరిగేకొద్దీ ఈ మరుపు పోతుందని డాక్టరమ్మ చెప్పింది. పెరిగేదాకా బతకాలి కదా అన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు.

"తల్లి ఒంటికి ఆనించి పడుకోబెడితే ఇలాంటి పిల్లలకి ఊపిరి కుదురుకుంటుంది. ఈరోజు మొదలుపెడదాం," అంది నర్సు.

కోడలు సంబరంగా లేచింది. లేచి, దగ్గింది.

నర్సు ఆమె నుదురు తాకి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "జ్వరం ఉందమ్మా మీకు. ఈ దగ్గు పాపకి అంటుకుంటే తట్టుకోలేదు. తగ్గేదాకా అద్దం ఇవతలే. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నేనున్నాను!" అన్న జవాబుకు నడవా చివర కునుకు తీస్తున్న కాపలావాడు లేచి నిలబడ్డాడు.

అలా మైకమ్మ మోచేతులదాకా చేతులు తోముకుని, ముందువైపు తెరుచుకునే ఆసుపత్రి అంగీ తొడుక్కుని వాలుకుర్చీలో కూర్చుంది. టోపీ, డైపర్ తప్ప ఒంటి మీద ఇంకేమీ లేని ఆ పిడికెడు ప్రాణాన్ని నర్సు తీగలతో సహా ఎత్తి, ఆమె ఛాతీ మీద నిలువుగా ఆనించింది. తల ఒక పక్కకు తిప్పి, కాళ్ళు కప్పపిల్లలా మడిచి, పైన మెత్తటి గుడ్డ చుట్టింది.

అద్దం ఇవతల కోడలు మూతికి మాస్కు కట్టుకుని చూస్తోంది. కన్నది తను, గుండెలకు హత్తుకున్నది ఆవిడ. కడుపు మండింది. మండినందుకు సిగ్గేసింది. రెండూ కలిసి దగ్గొచ్చింది.

మైకమ్మ కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది.

"సర్వశక్తిమంతుడవైన తండ్రీ!"

పాప ఉలిక్కిపడి రెండు చేతులూ చాచింది. యంత్రం కీచుమంది. పక్క పెట్టెలో కవలలు రాగం అందుకున్నారు. నర్సు పరుగున వచ్చింది. పాలసీసాలు అందించే చిన్న కిటికీ తెరిచే ఉండడంతో ఆ మాటలన్నీ కోడలికి వినబడ్డాయి.

"అమ్మా, దేవుడికి చెవుడు లేదు. పాపకి మాత్రం భయం ఉంది."

"పొరపాటైంది తల్లీ. గుసగుసగా చేసుకుంటాను," అంది మైకమ్మ గుసగుసగా. అప్పటిదాకా నిద్రపోతున్న మరో పిల్లాడు ఆ గుసగుసకి లేచాడు.

"అసలు నోరే విప్పకండి," అంది నర్సు.

సాయంత్రం బయటికొచ్చాక అత్తగారు బల్ల మీద కూలబడింది. "నోరు మూసుకుని ప్రార్థన ఎలాగే అమ్మాయ్? లోపల్లోపల అనుకుందామంటే మధ్యలో గ్యాసు కట్టేశానా లేదా అన్నది వచ్చేస్తోంది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి, ఒక్క వాక్యం పూర్తికాలేదు."

"నాకు మొదలే కావట్లేదత్తయ్యా," అంది కోడలు. "పాప పుట్టిన దగ్గర్నుంచీ."

అత్తగారు తలెత్తి చూసింది. మందలిస్తుందనుకుంది కోడలు.

"మరి నువ్వూ చెయ్యక, నేనూ చెయ్యక... పిల్లను చూసేదెవరే?"

కొడుకు టీ తెచ్చాడు. ఎవరూ తాగలేదు.

తర్వాతి రోజుల్లో ఆవిడ రోజూ వెళ్ళి కుర్చీలో కూర్చునేది, నోట్లో నీళ్ళు పోసుకున్నదానిలా. కోడలు అద్దానికి నుదురు ఆనించి, పాప టోపీ సన్నగా పైకీ కిందికీ కదలడాన్ని చూస్తూ ఉండేది. అదే ఆమెకు గడియారం.

ఒక మధ్యాహ్నం ఆ టోపీ కదలడం ఆగింది.

యంత్రం ఇంకా అరవలేదు. నర్సు గదికి అవతలి మూల కవలలతో సతమతమవుతోంది. అత్తగారి కళ్ళు మూసి ఉన్నాయి. నిద్రపోయిందా? కోడలు కేకవేయబోతే దగ్గు అడ్డుపడింది. అరచేత్తో అద్దం మీద కొట్టింది. "ప్రభువా" అంది. ఎప్పటిలాగే మాట అక్కడే ఆగిపోయింది.

అత్తగారు కళ్ళు తెరిచింది. నిద్రపోలేదు. యంత్రం కంటే ముందే ఆమె చర్మానికి తెలిసింది.

బొద్దింక కనబడితే వీధి వీధంతా లేపే మనిషి ఆవిడ. ఇప్పుడు పెదవి కదపలేదు. అరచెయ్యి పాప వీపు మీద వేసి, కింది నుంచి పైకి మెల్లగా రాసింది. గట్టిగా, నిండుగా ఊపిరి పీల్చింది. ఆ పెద్ద ఛాతీ అలలా లేచింది. దానితోపాటు పాప కూడా పడవలా లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. యంత్రం కీచుమనడం మొదలైంది. నర్సు పరుగెత్తుకొచ్చి చెయ్యి చాచింది. ఆ చెయ్యి తగలకముందే చిన్న వీపు ఒక్కసారి ఎగిరిపడింది.

పాప ఊపిరి తీసుకుంది.

యంత్రం సద్దుమణిగింది. చాచిన చెయ్యి చాచినట్టే నర్సు నిలబడిపోయింది. కవలలు కూడా ఎందుకో ఊరుకున్నారు. పెద్ద ఊపిరి ఒకటి నిదానంగా సాగుతుంటే, దాని లోపల చిన్న ఊపిరులు గబగబా పరుగులు తీస్తున్నాయి, నానమ్మ కొంగు కింద ఆడుకునే పిల్లల్లా.

కోడలు మళ్ళీ అద్దానికి నుదురు ఆనించింది. మట్టిని మలిచి దేవుడు ఊపిరి ఊదిన కథ ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పిందో! పిల్లల చేత బంకమట్టి బొమ్మలు చేయించి ఉఫ్ అని ఊదించేది కూడా. ఒక్కసారి ఊదాడు, అయిపోయింది అనే అనుకుంది ఇన్నాళ్ళూ. అయిపోలేదు. ఇప్పుడు ఊదుతున్నాడు. మళ్ళీ ఇప్పుడు. పాపలో, అత్తగారిలో, కవలల్లో, అద్దం మీద ఆవిరి మరక చేస్తున్న తనలో. అడగకుండానే. తను నిద్రపోయిన రాత్రుల్లో, విసుక్కున్న పూటల్లో, మాట పెగలని ఇన్ని రోజుల్లో ఒక్క ఊపిరి కూడా తప్పిపోలేదు. ఆమె మాస్కు తడిసిపోయింది.

అత్తగారు బయటికొచ్చాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొడుకు భయపడి, "అమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు కూడా.

"ఆ టైములో లోపల ఏమని ప్రార్థించారత్తయ్యా?" అంది కోడలు.

"ఏమీ అనలేదే. తండ్రీ అని కూడా అనలేదు. అంత టైమెక్కడిది?" ఆవిడ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "నేను అరిచేది ఆయనెక్కడో దూరాన ఉన్నాడనుకునే కదా. ఇంత దగ్గరుంటాడని నాకెవరూ చెప్పలేదే."

"మీరే చెప్పేవారత్తయ్యా. ప్రతి ప్రార్థనలో."

"చెప్పేదాన్ని లే. విన్నదెక్కడ?"

ముగ్గురూ నవ్వారు. కొడుకు నవ్వి, నవ్వి, గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత పాపకు మరుపు తగ్గుతూ వచ్చింది. బరువు కాస్త పెరిగింది. ఇక గండం గడిచినట్టేనని డాక్టరమ్మ అంది. కోడలి జ్వరం పోయింది, దగ్గు పోయింది. నర్సు నుదురు తాకి చూసి, "రండమ్మా," అని తలుపు తీసింది.

అంగీ తొడుక్కుని కుర్చీలో కూర్చున్న కోడలికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తగారు ఎదురుగా నిలబడి, పాపతో సహా తన ఛాతీకి చుట్టిన గుడ్డను మెల్లగా విప్పింది. నర్సు పాపను ఎత్తింది. ఆ ముసలి చర్మం మీద ఒక చిన్న చెవి అచ్చు ఎర్రగా పడి ఉంది, మడతలతో, తమ్మెతో సహా. అన్నాళ్ళూ పాప అక్కడ చెవి ఆనించి ఏం విన్నదో!

పాప కోడలి గుండెల మీదికి వచ్చింది. బరువే లేదు, వెచ్చదనమే. తల అటూ ఇటూ కదిపి, వెతుక్కుని, చెవి ఆనించింది. కోడలు నిండుగా ఊపిరి పీల్చి, పాపకు వినబడనిచ్చింది.