గంటను వదలని స్వరం

పులికాట్ ఒడ్డునున్న ఆ ఊళ్లో పొద్దున్నే చర్చి గంట కొట్టగానే దాని మోత విడిపోయి ఇంటికొక స్వరం చొప్పున వాలుతుంది. బొంగురుది ముత్యాలయ్య వలల మీద, సన్నటిది లిల్లీ ఇంటి రేకుల మీద.

"ఈ పూట మనది ఆలస్యంగా వచ్చిందే" అంది కరుణాకుమారి ఇడ్లీలు దించుతూ.

కూతురు ఏంజెలిన్ ధ్యాస ఇక్కడ లేదు. చెన్నైలో లెక్కల్లో పరిశోధన చేస్తోంది. ఎక్కడ నిలబడి చూసినా ఒకేలా కనిపించే వంపు తిరిగిన ప్రదేశాలుంటాయి, సిమెట్రిక్ స్పేస్‌లంటారు. అలాంటి ఒకదాని మీద పుట్టే ఏ ప్రకంపననైనా దూరాలకు పోయే శుద్ధమైన అలలుగా విడగొట్టి, తిరిగి కలిపి మొదటిదాన్ని రాబట్టాలి. విడగొట్టగలిగింది. కలిపితే మాత్రం ఎంతోకొంత తరుగు పడుతోంది. దూరాలకు పోయే ఆ అలలు తప్ప అక్కడ వేరేవి లేవని ప్రొఫెసర్ పద్మనాభయ్య ఏనాడో తేల్చేశారు. "సెమినార్‌లోపు కుదరకపోతే ఇది వదిలేయమ్మా" అని గైడు చెప్పేశారు. ఇన్నేళ్ల పని వదిలేయడమే!

ఆ దిగులుతోనే చిన్నాన్న కూతురు రోజా పెళ్లికి వచ్చింది.

పెళ్లంటే ఊరంతా తమ స్వరాలను బిందెల్లో పట్టి తెస్తారు. పెళ్లికూతురు రాగానే మూతలు తీస్తే గంట నిండుగా మోగుతుంది. చర్చి కప్పు పని జరుగుతోందని ఈసారి పెళ్లి ఒడ్డున షామియానా కింద పెట్టుకున్నారు. రోజా వచ్చింది. మూతలు తీశారు. డొల్ల చప్పుడొకటి లేచింది. రోజా ముఖం చిన్నబోయింది.

"ఎవరన్నా తేవడం మర్చిపోయినారా?" అడిగారు పాస్టర్ యెహోషువ.

"అందరం తెచ్చినామయ్యా!"

అందరూ తెచ్చారు. అయినా తక్కువైంది. అంటే ఆ తక్కువైనది ఎవరింటికీ రానేలేదు! ఏంజెలిన్ పట్టుచీర ఎగ్గట్టి చర్చికి పరుగెత్తింది. గంట మీద అరచెయ్యి ఆనించింది. పొద్దున కొట్టిన గంట ఇంకా సన్నగా వణుకుతోంది. చెయ్యి కాస్త ఎడంగా జరిపితే, ఏమీ లేదు. గంటను వదిలి రాని స్వరం ఇది, ఇన్నాళ్లూ పెళ్లిళ్లు గంట కిందే జరిగాయి కాబట్టి లోటు తెలియలేదు!

"మాథ్యూ అన్నా, నీ ట్రాలీ ఆటో తీసుకురా! గంట దించాల!"

గంట షామియానాలోకి చేరేలోపు, గాల్లో చక్కర్లు కొడుతున్న స్వరాలను ఆడవాళ్లు మళ్లీ బిందెల్లోకి పట్టారు. మూతలు తీశారు. గంటను ఎవరూ తాకనేలేదు, ఊరంతా దద్దరిల్లింది. సరస్సు మీది రాజహంసలు ఒక్కసారిగా లేచాయి. రోజా నవ్వుతూ ఏడ్చేసింది.

ఏంజెలిన్ బిరియానీ ముందు కూర్చుంది గానీ ముద్ద నోట పెట్టలేదు. దూరాలకు పోకుండా, ఉన్నచోటే ఉండి అణిగిపోయే అలలు! అవి ఉండి తీరాలి. పేపర్ ప్లేటు తిరగేసి రాయడం మొదలుపెట్టింది.

సెమినార్‌లో ముందు వరసలో పద్మనాభయ్య గారే కూర్చున్నారు. ఏంజెలిన్ రెండు రకాల అలలనూ కలిపి చివరి వరుస రాసింది.

"మిగిలిందెంత?" అన్నారాయన.

"ఏమీ మిగల్లేదు సార్. మొదటిది మొత్తంగా వచ్చేసింది."

ఆయన లేచి, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలు పెట్టి చదివారు. చివరికి ఇటు తిరిగి, పసిపిల్లాడిలా నవ్వారు.

"ఈ అలలు లేవని రాసింది నేనే. అది తప్పని నీ పేపర్ మొదటి పేజీలోనే రాయమ్మా. నా పేరు పెట్టి మరీ రాయి!"

చప్పట్లు మొదలుపెట్టిందీ ఆయనే.