నాబ్లా ఇంటి పొగ

రోజూ పడుకునే ముందు నాబ్లా పొయ్యిలో మండే పీట్ మట్టిగడ్డల మీద నివురు కప్పేది. పొద్దున్నే కదిపితే నిప్పు కళ్లు తెరిచేది. అది వాళ్లమ్మ పొయ్యిలోది. పెళ్లినాడు కుండలో పెట్టుకుని తెచ్చుకుంది. డొనెగాల్ తీరంలో పెళ్లికూతుళ్లంతా అలాగే తెచ్చుకుంటారు. ఆ పొయ్యి దగ్గర పుట్టినవాళ్లు దారిన వస్తుంటే చిమ్నీ పొగ వాళ్లవైపు వంగుతుంది. కొడుకు ఫెలిమ్ బడినుంచి వస్తున్నాడని పొగను చూసే నాబ్లా టీ పెట్టేది.

ఫెలిమ్, పక్కింటి గ్రాన్య కొడుకు కోనల్ ఒకే పడవలో మునిగిపోయి ముప్పై ఏళ్లు. ఆ తీరాన సముద్రం తిరిగివ్వనిది వాళ్లిద్దరినే. మొన్న ఒకరి ఎముకలు వలకు చిక్కాయి.

పోలీసు రోరీ కాగితం తెచ్చాడు. "ఉప్పునీళ్లలో నాని, డీఎన్‌ఏలో తండ్రి వరస ఒక్కటే మిగిలిందట పిన్నీ. ఈ తీరపు మగాళ్లందరిదీ ఎప్పటిదో ఒకే తాత వరస. ఫెలిమ్‌కీ సరిపోయింది, కోనల్‌కీ సరిపోయింది. నాకూ, చర్చి ఫాదర్‌కీ కూడా!"

"అయితే ఫాదర్నే పూడ్చండి," అంది గ్రాన్య. "కన్నతల్లి ఊసే లేని కాగితం మాకెందుకు? పొగనే అడుగుదాం."

నాబ్లా తన పొయ్యి వైపు చూసింది. పోయిన చలికాలంలో ఒకరోజు నివురు కప్పడం మరిచిపోయింది. తెల్లారేసరికి పొయ్యి చల్లగా ఉంది. అగ్గిపుల్ల గీసి వెలిగించుకుని, ఎవరికీ చెప్పలేదు. "ఇంకొక్కటి మరిచిపోతే వృద్ధాశ్రమమే అమ్మా," అని పట్నంలో ఉన్న కూతురు ఊనా అప్పటికే అని ఉంది.

శవపేటిక గ్రాన్య గుమ్మం ముందు ఆగింది. పొగ నిటారుగా లేచింది. గ్రాన్య తలగుడ్డ మొహంమీదికి లాక్కుంది. తర్వాత నాబ్లా గుమ్మం. అక్కడా నిటారుగానే లేచింది.

"ఎవరి బిడ్డో మరి. పేరు లేకుండానే పెడదాం," అన్నాడు ఫాదర్.

నలుగురూ పేటిక ఎత్తారు.

"దించండి!" అంది నాబ్లా. "అది మా అమ్మ నిప్పు కాదు. మరిచిపోయి ఆర్పేసుకున్నాను. వీడు కోనల్ కాకపోతే ఫెలిమే. నా ఇల్లే వాణ్ణి గుర్తుపట్టలేదు."

పట్నం నుంచి వచ్చిన ఊనా ఆమె చెయ్యి పట్టుకుంది. "క్రిస్మస్‌నుంచి ఎప్పుడొచ్చినా పొగ నావైపు వంగలేదమ్మా. నన్నే మరిచిపోయావనుకున్నాను."

సమాధి రాతిమీద ఫెలిమ్ పేరు చెక్కారు.

ఆదివారం తల్లిని వృద్ధాశ్రమానికి తీసుకెళ్లడానికి ఊనా కారు తెచ్చింది. నాబ్లా వెళ్లేముందు పొయ్యిలో నివురు కప్పింది, అగ్గిపుల్ల నిప్పే అయినా.

"చల్లారనివ్వకే గ్రాన్యా. ఫెలిమ్ బడినుంచి వచ్చే వేళ."

కొడుకు ఇంకా సముద్రంలోనే ఉన్న గ్రాన్య ఆమె కోటు బొత్తాలు పెట్టింది.

"నేను చూసుకుంటాలేవే," అంది.