వంటింటి దూరం

హాల్లో పానకాలరావు కుర్చీకీ, భార్య నాంచారి నిలబడే పొయ్యికీ మధ్య వంటిల్లు ఈ వారం మూడు కిలోమీటర్లు పెరిగింది. చుక్కలు ఎంత దూరాన ఉన్నాయో, ఎంత జోరుగా పోతున్నాయో కొండమీది వేధశాలలో కొలవడం ఆయన ఉద్యోగం కాబట్టి కంగారుపడడు. కాఫీ వచ్చేసరికి చల్లారిపోతోందని మాత్రం సణుగుతాడు.

నాంచారి తెల్ల నేతచీర కట్టుకుంది. హాల్లోంచి చూస్తే అది దానిమ్మగింజలా ఎర్రగా కనిపిస్తుంది. దూరంగా జరిగేదాని వెలుగు ఎరుపెక్కుతుంది, దగ్గరికొచ్చేదాని వెలుగు నీలమవుతుంది. ఈ ముక్క ఆయన ఏటేటా శిష్యులకి నూరిపోస్తూనే ఉంటాడు. అయినా సొంత పెళ్ళాం ఎర్రబడుతుంటే ఎవరికి మాత్రం బావుంటుంది?

పక్క క్వార్టర్ దైవాదీనం, వేధశాలలోనే ఉద్యోగం, వంటింటి గుమ్మంలో నాంచారి దగ్గర తీసుకున్న మజ్జిగ గ్లాసుతో పెరట్లోంచి చుట్టూ తిరిగి హాలు కిటికీ దగ్గరికి వస్తాడు. బయటినుంచి ఇల్లు ఎప్పటంతే ఉంది.

"మీ ఆవిడకి ఆ నీలం చీర బాగా నప్పిందండీ," అంటాడు.

పానకాలరావు లెక్క కట్టేస్తాడు. చీర ఒక్కటే. తనకి ఎరుపు, వీడికి నీలం. ఆవిడ ఎటు పోతోందో చెప్పడానికి ఇక వేధశాల దేనికి? దైవాదీనం మీసానికంటిన మజ్జిగ చూసినా ఒళ్ళు మండిపోతోంది.

దూరదర్శినిని కుర్చీ చేతికి బిగించి వంటింటివైపు తిప్పుతాడు. ఆవిడ వేగం కొలుస్తాడు. కొలిచిన ప్రతిసారీ పెరుగుతోంది. ఎంత అసూయలోనూ అంకెలు మాత్రం ముత్యాల్లా వేస్తాడు.

"నాంచారీ, వాడి దగ్గరికి వెళ్ళిపోతున్నావా?" అని కేకేస్తాడు.

జవాబు చేరేలోగా ఎండ గోడ దిగిపోతుంది.

"పొయ్యిమీద పాలు పెట్టుకుని నేనెక్కడికి పోతానండీ? దైవాదీనం గారు మజ్జిగ కోసం నడిచొచ్చారు, ఆయనకి నీలంగా కనపడదూ మరి. మీ కొలతలోంచి మీ కదలిక తీసేశారా?"

తీసెయ్యలేదు. చూసేవాడి కదలిక ముందు తీసెయ్యాలి. అది మర్చిపోయిన శిష్యుల్ని నిలబెట్టి కడిగేసే మనిషి, తనదాకా వచ్చేసరికి తను కదలడంలేదనే అనుకున్నాడు. కిందికి చూస్తాడు. గచ్చుమీద కుర్చీ కోళ్ళ గాట్లు పొయ్యిదాకా ఉన్నాయి. కుర్చీ వెనక్కి జరుగుతూనే ఉంది, ఏళ్ళ తరబడి. లేవబోతాడు గానీ అది లేవనివ్వదు. దైవాదీనం పాపం రెండు కాళ్ళతో నడిచాడు, అంతే. అది తలుచుకుంటే ఇంకా కుళ్ళు పుట్టుకొస్తుంది.

మళ్ళీ దూరదర్శినిలో కన్ను పెడతాడు. ఇంత దూరానికి పాత వెలుగే అందుతుంది. నాంచారి పెళ్ళయిన కొత్తలో ఉన్నట్టుంది, జడలో కనకాంబరాలు. ఎవర్నో చూసి నవ్వుతోంది. ఆ చూపు పానకాలరావు మీద ఆగకుండా భుజం మీదుగా వెనక్కి పోతోంది.

మెడ తిప్పి చూస్తాడు. ఒత్తయిన జుట్టుతో, పాతికేళ్ళప్పటి పానకాలరావు నిలబడి ఉన్నాడు. దైవాదీనాన్ని చూసినప్పుడు కూడా ఇంత మండలేదు.

"కాస్త పక్కకి జరగండి మాస్టారూ, మా ఆవిడ కనపడ్డంలేదు," అంటాడు అతను, మర్యాదగానే.

మా ఆవిడట. పానకాలరావు మొండిగా ముందుకి తిరిగి కూర్చుంటాడు, జరగడు. అతను ఏమీ అనుకోడు. వంగి, పెద్దాయన వీపుకి కన్ను ఆనించి, ఆయన గుండా ఆవిణ్ణి చూసుకుంటాడు. వీపుమీద కనురెప్ప కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది.

అతనికి కనపడే బొమ్మ చెదరకూడదని పానకాలరావు ఊపిరి బిగబడతాడు.