పొడి గది

సొంత కొంపలోకి టికెట్టు కొనుక్కుని వెళ్లే యోగం అందరికీ పట్టదు. నాకు పట్టింది. మా ఆయన బొమ్మలు వేసుకుంటూ, నన్నూ కూతుర్నీ పెట్టుకుని పదకొండేళ్లు కాపురం చేసిన పాత సరుకుల ఓడను ఎవరో కళాపోషకులు బాగుచేయించి, రేవులో కట్టేసి జనానికి చూపిస్తున్నారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చచ్చినవాడి ఓడ కూడా ఇంతలా నిగనిగలాడుతుందని నాకు తెలియదు.

ప్రారంభోత్సవానికి వాళ్లు పిలిస్తే మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాను. ఈసారి పిలిచింది నా కూతురు. దానికి ఎడమ చెవి వినబడదు. ఆరేళ్లప్పుడు ఈ ఓడ ముందుకొనలో, తడి పరుపు మీద ఒక చలికాలమంతా పడుకుంటే చీము పట్టి పోయింది. "నన్ను అక్కడ పడుకోబెట్టమని నాన్న చెప్పాడా, నీ అంతట నువ్వే పడుకోబెట్టావా?" అని పెద్దయినప్పటినుంచీ అడుగుతూనే ఉంది. నేను నీళ్లు నములుతూనే ఉన్నాను. మొన్న మాత్రం, "అక్కడికే పోదాం. అక్కడే నిలబడి చెప్పు. చెప్పకపోతే ఇంక నీతో నాకు మాటల్లేవు" అంది. అది అన్నంత పనీ చేసే మనిషి.

లోపల అడుగు పెట్టగానే గుప్పున వాసన. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనట! గోడకు బిగించిన చిన్న డబ్బా ఒకటి నిమిషానికోసారి బుస్సుమంటోంది. జనం కళ్లు మూసుకుని మరీ పీలుస్తున్నారు. ఛీ! అసలు వాసన ఏమిటో నన్నడగండి చెప్తాను. మురిగిన నీళ్లు, ఎలుకల పెంట, నూనె గుడ్డలు, ఎప్పటికీ ఆరని లంగాలు. దాన్ని డబ్బాలో పోసి కొట్టండి, ఎంతమంది నిలబడతారో చూద్దాం.

ఓడంతా తిప్పి చూపించేవాడు తెల్లటి కెప్టెన్ టోపీ ఒకటి పెట్టుకున్నాడు. నేనెవరో వాడికి తెలియదు.

"మాస్టారు రోజూ ఈ కిటికీ దగ్గర నిలబడి సూర్యోదయాన్ని పలకరించేవారు" అన్నాడు.

"పదకొండింటికా?" అన్నాను. కూతురు నా మోచెయ్యి గిల్లింది.

ఆ పక్కనే ఇత్తడి గొలుసుతో ఒక పింగాణీ మరుగుదొడ్డి. మాస్టారిదట! నలుగురు దాన్ని కూడా ఫొటో తీసుకున్నారు. మాకున్నది బకెట్టు. తెల్లారేసరికి దాన్ని ఎత్తి పారబోసింది ఎవరనుకున్నారు, ఆ సూర్యోదయమా? ఓడ అడుగున ఊరే నీళ్లను నేను పూటపూటా తోడిపోసిన చేతిపంపుకి బంగారు రంగు వేసి, మీద పూలకుండీ పెట్టారు. గోడ మీద పలకలో నా గురించి కూడా ఒక ముక్క రాశారు: "ఆయన కళకు మౌనంగా తోడు నిలిచిన ఇల్లాలు." మౌనంగానట. ఒళ్లు మండిపోయింది.

ఓడ మధ్యలో ఉన్న చిన్న గది ముందు టోపీవాడు గొంతు తగ్గించాడు.

"ఓడ మొత్తానికి పొడిగా ఉండే గది ఇదొక్కటే. వంటపొయ్యి గొట్టం ఈ గోడ వెనకనుంచి పోతుంది. నూనె రంగులు ఆరాలంటే వారాలు పడుతుంది, తేమ తగిలితే బూజు పట్టేస్తుంది. అందుకని మాస్టారు తన పడకను కూడా త్యాగం చేసి, ఈ గదిని బొమ్మలకిచ్చేశారు. ఎంత తుఫానొచ్చినా ఒక్క బొమ్మ మీద చుక్క నీరు పడలేదు."

అందరూ ఆహా అన్నారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది.

"ఆ పడక ఆయనది కాదు బాబూ," అన్నాను గట్టిగా. "నా కూతురిది."

టోపీవాడు నా వంక చూశాడు. "మీరెవరండీ?"

"ఆ పలకలో రాశారుగా, ఆ ఇల్లాల్ని."

అంతే, గది గదంతా నా వైపు తిరిగింది. ఫోన్లు లేచాయి. టోపీవాడు టోపీ తీసేసి, "అమ్మగారూ, ఆ మహానుభావుడి గురించి మీ నోటితో నాలుగు మాటలు..." అంటూ చేతులు నలుపుకున్నాడు. నా కూతురు వాళ్లెవర్నీ పట్టించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని ముందుకొనకు లాక్కుపోయింది. అక్కడి చిన్న తలుపు తీసింది.

లోపల అట్టపెట్టెలు. నిండా ఆయన బొమ్మలు అచ్చేసిన కార్డులు. అది వంగి నేల మీద అరచెయ్యి ఆనించింది. "పొడిగా ఉంది," అంది. కార్డులు పాడవుతాయని పొడిగా చేయించారన్నమాట. మనిషి పిల్ల పడుకున్నప్పుడు లేని ముచ్చట.

"ఇప్పుడు చెప్పు," అంది.

చచ్చినవాడి మీద ఎంత బరువు పడేసినా కాదనడు. ఆయనే చెప్పాడంటే అయిపోతుంది. అది నమ్ముతుంది. నమ్మాలనే ఉంది దానికి, ఇన్నేళ్లూ వాళ్ల నాన్ననే తిట్టుకుంది మరి. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"ఆయన చెప్పలేదే," అన్నాను. "బొమ్మలకు బూజు పడుతోందని మొహం మాడ్చుకుని రెండు రోజులు తిండి మానేశాడు, అంతే. నీ పరుపు చుట్టి ఇక్కడికి మోసుకొచ్చింది నేనే. రాత్రి 'పాప ఏది?' అన్నాడు. 'దానికి అక్కడే ఇష్టమట' అన్నాను. 'నువ్వు లేకపోతే నా బొమ్మలే లేవు' అన్నాడు. ఆ ఒక్క మాటకి పొంగిపోయానే నేను. నువ్వు దగ్గుతుంటే వింటూ కూడా, నిన్ను వెనక్కి తీసుకుపోలేదు."

ఇంతసేపూ ఆ బుస్సుమనే డబ్బా మీదా, పింగాణీ దొడ్డి మీదా నేను పడ్డ అసహ్యం ఏపాటిది! నా నోట్లోంచి నా మాటలు వింటుంటే నా మీద నాకే రోత పుట్టింది.

అది నేల మీంచి చెయ్యి తీసి లేచి నిలబడింది. తర్వాత, "నేను ఏడ్చానా?" అంది.

"లేదు."

"మరేమన్నాను?"

"పరుపు కింద చెయ్యి పెట్టి చూశావు. తడి చెయ్యి గౌనుకి తుడుచుకున్నావు. నా మొహంలోకి చూసి, 'ఇక్కడే బాగుందమ్మా' అన్నావు."

తలుపు మూసేసింది. నాకంటే ముందు నడిచింది. రేవులోకి దిగే మెట్లు చకచకా దిగిపోయి, కింద ఆగి, చేతులు కట్టుకుని తలెత్తి చూసింది. నేను తాడు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతున్నాను.

"మెల్లగా," అంది. చెయ్యి మాత్రం అందించలేదు.